రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఇమ్యూనిటీ పాత్ర ఏమిటి?

ప్రశ్న: మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఇమ్యూనిటీ వల్లే వచ్చిందట. అది మనల్ని కాపాడేది కదా? హైదరాబాద్‌లో ఎవరికి చూపించాలి?

జవాబు: కాపాడేదే, కానీ ఈ జబ్బులో సొంత కణజాలాన్నే శత్రువు అనుకుంటుంది. కీలు లోపల సైనోవియం అనే పల్చటి పొర ఉంటుంది. కీలు సాఫీగా కదలడానికి కావలసిన ద్రవం దాని నుంచే వస్తుంది. టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజ్‌లు అనే ఇమ్యూనిటీ కణాలు ఆ పొరలోకి చేరి టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి, వాపు పెంచే రసాయనాలు వదులుతాయి. పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముక అంచులనూ తినేస్తూ పోతుంది. ఐఎల్-6 రక్తంలో కలిసి కాలేయం చేత సీఆర్పీ అనే, ఒంట్లో వాపును సూచించే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. కీళ్ల నొప్పికి రక్తపరీక్ష రాసేది అందుకే.

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, పాల ప్యాకెట్ కత్తిరించడానికి కూడా రాక, అరగంట దాటినా సడలకపోతే అనుమానించాలి. అరుగుదల నొప్పిలో ఆ బిగుతు సాధారణంగా త్వరగానే పోతుంది.

ఈ జబ్బును అదుపు చేసే మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఒంట్లో నిద్రాణంగా ఉన్న టీబీని అణచిపెట్టేదీ ఆ టీఎన్ఎఫే. 'ఇమ్యూనిటీ పెంచే' పొడుల జోలికి మాత్రం వెళ్లకండి.

చూపించాల్సింది రుమటాలజిస్టుకు, అంటే ఇలాంటి కీళ్ల జబ్బుల నిపుణుడికి. పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.