ఎప్‌కాట్ మిఠాయిలు: అత్తయ్యకి ఏవి పెట్టొచ్చు?

సంక్రాంతికి గుంటూరు వచ్చాను. మొన్న బ్రాడీపేటలో మా ఎదురింటి అమ్మాయి వచ్చి కూర్చుంది. వచ్చే నెల పిల్లలిద్దరినీ, అత్తగారినీ తీసుకుని ఫ్లోరిడాలో ఉన్న భర్త దగ్గరికి వెళ్తోంది. “పిన్నీ, ఆర్లాండోలో డిస్నీ వాళ్ళ వినోద పార్కు ఎప్‌కాట్‌కి వెళ్తే ఒకేచోట రకరకాల దేశాల మిఠాయిలు తినొచ్చట కదా. మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి మేం తిరగాలా?” అని అడిగింది. ఇలా వెళ్ళేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు, అందుకే తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

బెంచీ మీద కూర్చోబెట్టొద్దమ్మా. సంచులకి కాపలా పెట్టడానికా అంత దూరం తీసుకెళ్ళేది? కాకపోతే ఏ పొట్లమైనా వెనక్కి తిప్పి చదివాకే ఆవిడ చేతిలో పెట్టు.

మేం అమెరికా వెళ్ళిన కొత్తలో మా అత్తగారికి నా చేత్తోనే ఒక జెల్లీ బిళ్ళ తినిపించాను. పొట్లం మీద పండ్ల బొమ్మలు చూసి పండ్లరసమే అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే జిలటిన్ అని ఉంది. పందుల, పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు దాన్ని. దాచలేక చెప్పేశాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. లేచి తలస్నానం చేసి, ఆ రాత్రి అన్నం ముట్టకుండా పడుకున్నారు. తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

మన దగ్గర పొట్లం మీద పచ్చ చుక్క చూసుకుంటే సరిపోతుంది. అక్కడ ఆ గుర్తు తప్పనిసరి కాదు, చిన్న అక్షరాల్లో రాసిన పదార్థాల పేర్లే చదువుకోవాలి. జిలటిన్ ఉంటే వద్దు. కార్మైన్ అంటే పురుగుల నుంచి తీసిన ఎర్ర రంగు, అదీ వద్దు. పెక్టిన్ పండ్ల నుంచి, అగర్ సముద్రపు నాచు నుంచి వస్తాయి, వాటితో ఇబ్బంది లేదు. చాక్లెట్లలో గుడ్డు ఉందేమో, లోపల మద్యం నింపారేమో కూడా చూడాలి.

ఎప్‌కాట్‌లో చెరువు చుట్టూ 11 దేశాల పేర్లతో మండపాలు, కొట్లు ఉంటాయి. ఒక చుట్టు తిరిగితే దాదాపు 2 కిలోమీటర్లు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులుంటే గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకి తీసుకోండి, మొహమాటం వద్దు.

ఎడమ వైపు నుంచి మొదలుపెడితే ముందు మెక్సికో వస్తుంది. ఆవిడ తినాల్సింది ఆ దేశపు చింతపండు మిఠాయే. చింతపండు గుజ్జులో చక్కెర, ఉప్పు, మిరప్పొడి కలిపి చేస్తారు. చిన్నప్పుడు మనం చింతపండులో ఉప్పూ కారం దంచి, పుల్లకి గుచ్చుకుని చప్పరించేవాళ్ళం కదా, అదే రుచి. మిరప పుట్టింది ఆ ప్రాంతంలోనే. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చి, గుంటూరు యార్డు దాకా చేరింది. చింతేమో సముద్రాలు దాటి అటు వెళ్ళింది. ఈ సంగతి ఆవిడకి చెబుతూ పెట్టు, పరాయి తిండి అనిపించదు.

కెనడా వాళ్ళ మేపుల్ బిళ్ళలు కూడా అంతే. తాటి నీరా కాచి బెల్లం చేసినట్టు వాళ్ళు మేపుల్ చెట్టు రసం కాస్తారు. సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. జపాన్ మోచీలో బియ్యప్పిండి పొర, లోపల తియ్యటి చిక్కుడు గింజల ముద్ద ఉంటాయి. మన పూర్ణానికి దూరపు చుట్టం. జర్మనీ దగ్గర ప్రత్యేకంగా కారమెల్ కొట్టే ఉంది, అది వెన్న, చక్కెరల రుచి, పిల్లలు వదలరు. ఉత్తర ఐరోపా వాళ్ళ నల్ల మిఠాయి ఎక్కడైనా దొరికితే, అది అతిమధురం వేరుతో చేసేది. ఉప్పటి రకంలో నవాసారం కూడా కలుపుతారు, గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు వాడేదే. ఒక్క ముక్క చాలు.

ఒక్కో దేశానికి ఒక్క పొట్లమే కొని అందరూ తుంచుకోండి. నాలుగేళ్ళు నిండని పిల్లలకి గట్టి బిళ్ళలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. చాక్లెట్లు వెళ్ళిపోయే ముందు కొనండి, ఆ ఎండకి సంచిలోనే కరిగిపోతాయి.

ఇంటి తిండి లోపలికి రానిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. కాబట్టి ప్లాస్టిక్ డబ్బాలో కాసిని జీళ్ళు, నువ్వుండలు అత్తయ్య చేత పట్టించు. ఆవిడా తన ఊరి మిఠాయి అందరికీ పెడతారు. పక్కన కూర్చున్న పిల్లలకి పెట్టే ముందు మాత్రం వాళ్ళ అమ్మని అడగండి. అక్కడ చాలామంది పిల్లలకి పల్లీలు పడవు. నువ్వుల్ని కూడా 2023 నుంచి పొట్లాల మీద తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో చేర్చారు.