ఫ్లోరైడ్ ఊళ్ళకు చేతిపంపు ఒక్కటే సరిపోదు

కరెంటు అవసరం లేకుండా, తక్కువ ఖర్చుతో ఊరికి మంచినీళ్ళు అందాలంటే చేతిపంపు వేయించుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో పెరిగిన నేను సరిపోదనే చెబుతాను. వంద అడుగుల లోతు నుంచి నీళ్ళు తోడటానికి ఇండియా మార్క్ 2 అనే చేతిపంపును మించిన సాధనం లేదు. కానీ మా నేల కింద ఉన్న గ్రానైట్ రాతిలో నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కలుస్తుంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్ళు పిల్లల పళ్ళకు గార పట్టిస్తాయి, ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పెద్దల కీళ్ళను బిగించేస్తాయి. మరగబెడితే పోతుందని ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదానిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుందే తప్ప తగ్గదు.

మా జిల్లాకు నిజంగా పనికొచ్చే చౌక సాధనం కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి 1970లలో రూపొందించిన ఈ పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మా అమ్మ వాకిట్లో బకెట్ పెట్టుకుని, నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పొడి, పటిక ద్రావణం పోసి, మొదట నిమిషం పాటు వేగంగా, ఆ తరువాత పది నిమిషాలు నెమ్మదిగా కర్రతో కలిపేది. విరిగిన పాలలా తెల్లటి తునకలు కట్టడం మొదలైన తరువాత వేగం పెంచితే అవి చెదిరిపోతాయి కాబట్టి, ఎవరు పిలిచినా ఆమె చెయ్యి ఒకే తీరున తిరిగేది. "ఆకుల ఏసుకునే సున్నం తాగే నీళ్ళల్ల కలుపుతవేందే?" అని నాయనమ్మ కోప్పడేది. గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న ఆ తునకలు మడ్డిగా అడుగుకు దిగేవి. కుళాయిని అడుగుకు కాస్త పైన బిగించడం వల్ల తేట నీరు మాత్రమే బిందెలోకి వచ్చేది. ఆ మడ్డిని మాత్రం బావికి దూరంగా పారబోయాలి.

పంపుల విషయంలో నాకు మరొక బాధ ఉంది. మార్క్ 2లో వాషర్ అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. గొలుసు, ముక్కాలి, నలుగురు మనుషులు కావాలి. మార్క్ 3లో గొట్టాలను కదపకుండానే వాషర్ ఉండే పిస్టన్‌ను పైకి తీయవచ్చు. ఊళ్ళన్నిటిలో మార్క్ 3నే వేసి, ప్రతి వాడలో ఇద్దరు ఆడవాళ్ళకు మరమ్మతు నేర్పి ఉంటే, వాషర్ అరిగిందని నెలల తరబడి మూలపడిన పంపు ఒక్కటీ ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్ళు ఇంటి దాకా వస్తున్నాయి. అవి రాని రోజున జనం మళ్ళీ ఆ పాత పంపు దగ్గరికే బిందెలు పట్టుకెళ్తారు కాబట్టి, బకెట్‌ను అటకెక్కించవద్దని అందరికీ చెబుతుంటాను. మీరు పంపు వేయించే ముందు పక్క బోరు నీళ్ళను సీసాలో పట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత (ఆమ్లాన్ని విరిచే గుణం) ఎంత ఉందో కూడా రాయించుకోండి, ఎందుకంటే పటిక ఎంత వేయాలో నిర్ణయించేది ఆ రెండు అంకెలే.