చిగురేసిన మందార కొమ్మ ఎందుకు ఎండిపోతోంది?

ప్రశ్న: ముద్దమందార కొమ్మలు ఆరు తెచ్చి బాల్కనీ కుండీల్లో గుచ్చాను. పది రోజుల్లో చిగురేశాయి, తర్వాత వాడిపోయి నాలుగు ఎండిపోయాయి. తెగులని చెప్పి మందుల షాపులో ఇచ్చినవి రెండుసార్లు కొట్టాను, డీఏపీ కూడా వేశాను. మిగతా రెండైనా బతుకుతాయా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: తెగులు కాదమ్మా, వేరు రాలేదు. చిగురు కనిపించగానే బతికిందనుకుంటారు అందరూ. కొమ్మ తనలో దాచుకున్న తిండితోనే ఆ నాలుగాకులూ వేస్తుంది, అది అయిపోయేలోపు వేరు దిగకపోతే నీళ్లందక తల వాల్చేస్తుంది. వాడిందని మీరు ఇంకో చెంబు పోసి ఉంటారు, అడుగు కుళ్లి ఉంటుంది. డీఏపీ మరీ అన్యాయం. వేరు లేని కట్టెకు ఎరువెందుకు? ఆ ఎరువులోని ఉప్పుకి కోసిన చోటు మాడుతుంది. షాపాయన కుండీ చూడలేదు, కొమ్మ చూడలేదు, చేతికందిన డబ్బా ఇచ్చాడు, మీరు కొట్టేశారు. ఇక ఏదీ కొట్టకండి.

మిగిలిన రెండూ పైకి తీసి బెరడు గోటితో గీరండి. పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. అడుగు నల్లబడి ఉంటే తెల్లటి కండ కనిపించేదాకా కోసేసి, కణుపుకి కాస్త కింద ఏటవాలుగా కత్తిరించండి. పైన రెండాకులు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కోయండి. కుళ్లు రాకుండా కార్బెండజిమ్ అనే బూజు మందు లీటరు నీటికి 1 గ్రాము కలిపి పది నిమిషాలు ముంచితే చాలు, ఒక్కసారే. ఆరాక వేరు హార్మోన్ పొడి అడుగున అద్ది, సగం ఇసుక సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన గ్లాసులో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. గ్లాసు అడుగున చిల్లులు మర్చిపోవద్దు. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గ్లాసైతే వేరు బయటికే కనబడుతుంది, రోజూ లాగి చూసే పాడు అలవాటు తప్పుతుంది.

పైన పాలిథిన్ కవరు కప్పి వెలుతురున్న నీడలో పెట్టండి. ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. రోజూ పది నిమిషాలు కవరు తీయండి, పైమట్టి ఆరితేనే నీళ్లు. వేరుకి 30 నుంచి 45 రోజులు పడుతుంది. తర్వాత వారం రోజులు కొంచెం కొంచెంగా గాలికి అలవాటు చేసి కుండీలోకి మార్చండి, మార్చిన 15 రోజులకు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పోయండి, అంతకు ముందు చిటికెడు ఎరువు కూడా వద్దు.

ఇవి రెండూ పోతే ఎండాకాలంలో మళ్లీ మొదలుపెట్టకండి, వానలు పడ్డాక జూలైలో పెన్సిలంత మందం, జానెడు పొడవున్న కొమ్మలు తెచ్చుకోండి. మరీ లేతవి కుళ్లుతాయి, బాగా ముదిరినవి వేరుకు చాలా రోజులు తీసుకుంటాయి.