అకశేరుకాల వర్గీకరణ నేర్చుకుంటున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

అకశేరుకాల వర్గాల పేర్లు ఎంత వల్లించినా పరీక్షనాటికి కలగాపులగం అవుతున్నాయని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: పేరుతో కాక, జీవి దేహంతో మొదలుపెట్టు. అకశేరుకమన్న మాట వెన్నెముక లేదని చెబుతుందే తప్ప ఏమున్నదో చెప్పదు. అయినా ఇప్పటికి తెలిసిన జంతుజాతుల్లో నూటికి సుమారు 95 ఆ మాట కిందికే వస్తాయి.

ఆరుద్ర కార్తెలో తొలకరి తడికి చేలగట్ల మీద తిరిగే ఎర్రని ఆరుద్ర పురుగును అరచేతిలోకి తీసుకుని కాళ్లు లెక్కపెట్టు. ఎనిమిది ఉంటాయి, తలమీద మీసాల్లాంటి స్పర్శశృంగాలు ఉండవు. కనుక మనం పురుగు అని పిలిచినా అది కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. అయితే దాని పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, అది మిడతల వంటి వాటిని పట్టుకుని బతుకుతుంది. అందుకే ఒక జీవి ఏ వర్గానిదో తేల్చే ముందు దాని బాల్యాన్ని కూడా చూడాలి.

సముద్రతీరపు రాళ్లకు అంటుకుని ఉండే బార్నకిళ్ల గుల్లను చూసి ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే అంతటివాడే వాటిని నత్తలు, ఆల్చిప్పలు ఉన్న మొలస్కాలో చేర్చాడు. ఐర్లండ్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్, కాళ్లతో ఈదే చిన్న డింభకాలను, అంటే పిల్లదశలోని జీవులను, సముద్రపు నీటిలో ఉంచి, అవి అంటుకుపోయి బార్నకిళ్లుగా మారడం గమనించి 1830లో ప్రకటించాక, అవి రొయ్యకూ పీతకూ బంధువులని తేలింది.

ఖండాలుగా ఉన్న దేహాన్ని బట్టి వానపామునూ కీటకాలనూ దగ్గరి బంధువులుగా మా తరం చదివింది, నేనూ అలాగే బోధించాను. 1997లో జన్యువులను పోల్చిన పరిశోధకులు, కుబుసం విడిచే కీటకాలు అదే పని చేసే నులిపురుగులకే దగ్గరని చూపారు. నా పాత నోట్సు పంపుతున్నాను, ఆ పేజీ మాత్రం కొట్టేసి చదువు.

పది రెట్ల భూతద్దం కొనుక్కో. పుస్తకం తెరిచే ముందే జీవి బొమ్మ గీసి, సౌష్ఠవం (దేహభాగాలు సరిసమానంగా అమరి ఉండటం), ఖండాలు, కీళ్ల కాళ్లు, గుల్ల ఉన్నాయో లేవో పక్కన రాసుకో. చూడటానికి ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టు; దాని కింది తేమ మీదే ఆ ప్రాణులు ఆధారపడి ఉంటాయి.

ఇట్లు,
మీ తాతయ్య