జేడ్ కొమ్మ కుళ్ళిపోతోందా?

ప్రశ్న: మా అక్క వాళ్ళింటి నుంచి జేడ్ కొమ్మలు తెచ్చి, ఆ రోజే కుండీల్లో నాటాను. రోజూ నీళ్ళు పోస్తున్నా మొదలు నల్లబడి కుళ్ళిపోతున్నాయి. ఎందుకని?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ రోజూ పోసే నీళ్ళే కొంప ముంచుతున్నాయమ్మా! జేడ్ తన ఆకుల్లో, కాండంలో నీళ్ళు దాచుకునే మొక్క. కోసిన కొమ్మను వెంటనే నాటకండి. నీడలో పాత పేపరు మీద నాలుగైదు రోజులు పడెయ్యండి. కోసిన చోట వేలు పెడితే తడి తగలకూడదు, ఎండిన పుండు చెక్కులా గట్టిగా ఉండాలి. ముసురు రోజుల్లో వారం దాటినా పర్లేదు. ఆకులు కాస్త ముడతలు పడినా టెన్షన్ వద్దు.

మట్టిలో సగం ముతక ఇసుక కలపండి. నేనైతే పెన్న ఇసుకే వాడతాను. దగ్గరే కదా అని తుమ్మలపెంట బీచ్ ఇసుక మాత్రం తేకండి, అందులో ఉప్పుంటుంది. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లులేని పింగాణీ కుండీలు ఫొటోలకే పనికొస్తాయి. నాటాక కొన్ని రోజులు నీళ్ళ జోలికి పోకండి. తర్వాత కూడా మట్టి లోపలిదాకా ఆరితేనే పోయండి. మూడు నాలుగు వారాలకు కొమ్మను మెల్లగా లాగి చూడండి, కదలకపోతే వేరు పట్టినట్టే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో వానలెక్కువ, అప్పుడు కుండీలను వరండాలోకి మార్చండి.