నిలోఫర్‌లో పిల్లల్ని మెడికల్ స్టూడెంట్లే చూస్తారా? 8 నెలల బాబుని తీసుకెళ్లొచ్చా?

తమ్ముడూ, మీ బాబుకి 8 నెలలు, ఇప్పటికే రెండుసార్లు నిమ్ము (న్యుమోనియా) చేసింది, ప్రస్తుతానికి బాగానే ఉన్నాడు కానీ మహబూబ్‌నగర్ డాక్టరుగారు హైదరాబాద్‌లోని సర్కారు పిల్లల ఆసుపత్రి నిలోఫర్‌కు రాసిచ్చారు అన్నారు. చుట్టాలేమో "అది కాలేజీ ఆసుపత్రి, నేర్చుకునే పిల్లలు చెయ్యి పెడతారు, అప్పు చేసైనా ప్రైవేటుకు పొండి" అంటున్నారట. మా పాపని ఏడాది దాటిన కొత్తలో ఇదే జబ్బుతో అక్కడ చేర్పించాం కాబట్టి చెబుతున్నా. వెళ్లండి. కాలేజీ ఆసుపత్రి కావడమే మనకు అక్కడ కలిసొచ్చే విషయం.

నిలోఫర్ ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధం. మీ చుట్టాలు "నేర్చుకునే పిల్లలు" అంటున్నవాళ్లలో ఎక్కువమంది పీజీలు. అంటే ఎంబీబీఎస్ పూర్తి చేసి, పిల్లల వైద్యంలోనే ఎండీ చేస్తున్న డాక్టర్లు. వాళ్ల కింద హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర్లో ఏడాది శిక్షణలో ఉన్నవాళ్లు), పైన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ప్రొఫెసర్లు ఉంటారు. ఎంబీబీఎస్ స్టూడెంట్లు కూడా వస్తారు, పక్కన నిలబడి చూస్తారు, రాసుకుంటారు. మందు రాసేది వాళ్లు కాదు. పైగా కింద ఉన్నవాళ్లు చేసినదాన్ని పైవాళ్లు రౌండ్స్‌లో అందరి ముందూ నిలదీస్తారు. బిడ్డ తల్లిగా ఆ నిలదీత వింటుంటే నాకు సగం టెన్షన్ తగ్గింది.

ఒక రోజు రౌండ్స్‌లో పెద్ద మేడమ్ ఒక పీజీ అబ్బాయిని "రెస్పిరేటరీ రేట్ ఎంత?" అని అడిగారు. అతను చెప్పాడు. "ఎప్పుడు లెక్కపెట్టావు? పాప ఏడుస్తున్నప్పుడా?" అతను నసిగాడు. "పాలు పట్టమ్మా, కునుకు పట్టనీ" అని నాతో చెప్పి, ఆవిడ అక్కడే నిలబడ్డారు. పాప ఊరుకున్నాక గౌను పైకెత్తి, వాచీ చూస్తూ నిమిషమంతా ఆ అబ్బాయి చేతే లెక్కపెట్టించారు. ఆ తర్వాత పక్కటెముకల కింద వేలు చూపించి, ఊపిరి తీసినప్పుడు అక్కడ లోపలికి గుంట పడుతోందా లేదా చూడమన్నారు. మన ఇళ్లల్లో డొక్కలెగరేయడం అంటామే, అదే. అంతకుముందు మా ఏరియాలో చూపించిన ఒక నర్సింగ్ హోమ్‌లో స్టెతస్కోప్ అరనిమిషం కూడా ఆనించలేదు, చీటీలో మాత్రం మందులు బారెడు రాసిచ్చారు.

ఆ లెక్క మీరూ నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషంపాటు పొట్ట, ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో చూడాలి. రెండు నెలల లోపు పిల్లలకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టు. మీ బాబుకి 50 అన్నమాట. ఆ లెక్క ఎంత ఉన్నా సరే, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా నిలోఫర్ దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి నుంచి ఆక్సిజన్ పెట్టి పంపిస్తారు.

ఇక విసుగు తెప్పించే సంగతి ఒకటుంది. అడిగిందే అడుగుతారు. హౌస్ సర్జన్ అడిగినవన్నీ పీజీ మళ్లీ అడుగుతారు, ఆయన పైవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. పుట్టినప్పుడు బరువెంత, నెలలు నిండాకే పుట్టాడా, పుట్టగానే ఏడ్చాడా, పాలు తాగేటప్పుడు చెమటలు పడతాయా (గుండె సంగతి కోసం), తాగుతూ తాగుతూ పొలమారుతుందా, ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా, కట్టెల పొయ్యి ఉందా, ఎవరికైనా టీబీ ఉందా. మాకు రెండుసార్లు "టీబీ ఎవరికీ లేదు" అనే రాశారు. మూడోసారి అడిగినప్పుడు మా అత్తమ్మ పక్క నుంచి మెల్లగా, మామయ్య కిందటేడు టీబీ మందులు వాడారని బయటపెట్టింది. ఇంట్లో నాకే తెలియదు! వెంటనే పాపకి చేతి మీద సూది పరీక్ష, ఇంకా కొన్ని పరీక్షలు చేశారు. టీబీ లేదని తేలింది, బతికిపోయాం. అందుకని ఎన్నిసార్లు అడిగినా ఓపిగ్గా చెప్పండి. బాబుని ఎక్కువగా చూసుకునే మనిషి పక్కనుండాలి. మీ అమ్మగారో, అత్తగారో అయితే వాళ్లనీ వెంట తెచ్చుకోండి.

టీకాల కార్డు మర్చిపోవద్దు. నిమ్ము రాకుండా ఇచ్చే న్యూమోకోకల్ టీకా (పీసీవీ) సర్కారు టీకాల్లోనే ఉంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు వేస్తారు. బాబుకి మొదటి రెండు పడ్డాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. పాత ఎక్స్‌రేలు, ఇంతకుముందు వాడిన మందుల చీటీలు, సీసాల ఫోటోలు, రాసిచ్చిన రెఫరల్ లెటర్, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, రేషన్ కార్డు అన్నీ ఒకే కవర్లో పెట్టండి. ఆపరేషన్ లాంటిదేమైనా అవసరమైతే ఆరోగ్యశ్రీ డెస్కు వాళ్లు ఇవే అడుగుతారు. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు.

దారి దగ్గర చాలామంది పొరబడతారు. మీరు బస్సులో ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే మొట్టమొదట వచ్చే స్టేషన్ పేరే "ఉస్మానియా మెడికల్ కాలేజ్". అక్కడ దిగొద్దు. కాలేజీ కోఠిలో ఉంది, పిల్లల ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో. మియాపూర్ వైపు వెళ్లే మెట్రోలోనే కూర్చుని లక్డీకాపూల్‌లో దిగండి, అక్కడి నుంచి ఆటోకి దగ్గరే. ఓపీ ఉదయం పూట కాబట్టి ముందురోజు రాత్రే సిటీకి చేరుకుని బంధువుల ఇంట్లో ఉంటే మంచిది. ఎమర్జెన్సీకి మాత్రం రాత్రీ పగలూ లేదు. జనం ఉంటారు, అది ముందే అనుకుని రండి. రాష్ట్రం నలుమూలల నుంచీ జిల్లా ఆసుపత్రులు పంపే పిల్లలంతా అక్కడికే వస్తారు. నెలలు నిండని పిల్లలకు ఎన్ఐసీయూ, తల్లికి పాలు రానప్పుడు దాతల పాలు ఇచ్చే మిల్క్ బ్యాంకు, పిల్లల ఆపరేషన్లు అన్నీ ఉన్నచోట జనం లేకుండా ఎలా ఉంటుంది? కాన్పులు కూడా అక్కడ జరుగుతాయి. అసలు ఆ ఆసుపత్రి పుట్టిందే కాన్పు గొడవ మీద. ఏడో నిజాం చిన్న కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె 1949లో ప్రసవంలో చనిపోయిందట. ఇంకే తల్లికీ అలా కాకూడదని నిలోఫర్ పట్టుబట్టి కట్టించారని చెబుతారు.

చేర్చుకుంటే వార్డులో తల్లి ఉంటుంది, మీరు ఎక్కువసేపు బయటే. చెంబు, దుప్పటి, ఫోన్ చార్జరు తెచ్చుకోండి. తిండికి ఇబ్బంది లేదు, నగరంలో పెద్దాసుపత్రుల దగ్గర జీహెచ్‌ఎంసీ వాళ్ల అయిదు రూపాయల భోజనం దొరుకుతుంది. చాయ్‌కి లక్డీకాపూల్‌లో కొదవేముంది! మీ ఆవిడకు మాత్రం గట్టిగా చెప్పండి, బాత్రూమ్‌కు వెళ్లాలన్నా సరే, ఎంత మంచిగా మాట్లాడినా ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి బాబుని ఇవ్వొద్దు. సిస్టర్‌కు చెప్పి వెళ్లాలి, లేదా మీరు వచ్చేదాకా ఆగాలి.

పంపించేటప్పుడు డిశ్చార్జ్ కార్డు మీద యూనిట్ నంబరు చూసుకోండి. ఇలాంటి ఆసుపత్రుల్లో డాక్టర్లు యూనిట్లుగా ఉంటారు, ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక్కో ఓపీ రోజు. మీ బాబుని చూసిన యూనిట్ ఓపీ ఏ రోజో అడిగి, దాన్ని కార్డు మీదే రాయించుకోండి. తిరిగి చూపించడానికి ఆ రోజే రండి. వేరే రోజు వస్తే చూడరని కాదు, కానీ కొత్తవాళ్లకు కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఎప్పుడు వెళ్తున్నారో ఇక్కడే రాయండి, బాబుకి అక్కడ ఏ పరీక్షలు రాశారో కూడా చెప్పండి. మా పాపకు చేసినవి అయితే వాటి గురించి చెబుతాను.