థాంక్స్ రాసి రాసి విసుగొచ్చింది, సంతోషం మాత్రం రాలేదు

ప్రశ్న: మేడమ్, నాకు 39 ఏళ్ళు. మియాపూర్‌లో ఉంటాం, అమీర్‌పేట్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇద్దరు పిల్లలు, అత్తయ్య మాతోనే ఉంటారు. నీకేం లోటు అంటారు అందరూ, కానీ నాకు ఏదీ ఆనందంగా అనిపించట్లేదు. డల్లాస్‌లో ఉన్న తోడికోడలు గృహప్రవేశం ఫొటోలు స్టేటస్‌లో చూసిన రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఫ్రెండ్ చెప్పిందని రోజూ రాత్రి థాంక్స్ చెప్పుకోదగ్గ ఐదు విషయాలు ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టా, మూడు వారాలైంది, ఏం మారలేదు. మా ఆయన చీటీ ఎత్తిన 2 లక్షలు నాతో ఒక్క మాట చెప్పకుండా ఆడపడుచుకి ఇచ్చేశారు, అడిగితే ఉన్నదానితో సంతోషపడటం నీకు చేతకాదు అంటారు. అత్తయ్యతో గొడవల్లేవు, పొద్దున్నే బాక్సులు కట్టి పిల్లల్ని వ్యాన్ ఎక్కిస్తారు, ఆవిడకి మాత్రం వేరే పనేముంది. లోపం నాలోనే ఉందా?

జవాబు: లోపం ఏం లేదమ్మా. కాకపోతే మీ ఆయన అన్న మాటా, మీ నోట్‌బుక్కూ రెండూ ఒకటే అనుకుని నలిగిపోతున్నారు, ముందు వాటిని విడదీద్దాం. ఉన్నదానితో సంతోషపడు అనే మాట మన ఇళ్ళల్లో చాలాసార్లు ఆడవాళ్ళ నోరు మూయించడానికే పనికొస్తుంది, నేను ఇన్నేళ్ళలో ఎంతమంది దగ్గర విన్నానో లెక్కే లేదు. చీటీ డబ్బు మీ ఇద్దరిదీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ లెక్కలు చూసే మనిషి తన ఇంటి లెక్క అడిగితే అది అసంతృప్తి ఎలా అవుతుంది? పిల్లలు ఇంట్లో లేనప్పుడు కూర్చోబెట్టి, "వదినకి ఇచ్చినందుకు కాదు, నాకు చెప్పనందుకు బాధ, ఇకమీదట ఇంత దాటితే ఇద్దరం మాట్లాడుకున్నాకే" అని ఆ ఇంత ఎంతో కూడా అక్కడే తేల్చుకోండి. ఎన్ని థాంక్స్ రాసినా ఈ మాట మీద మూత పెట్టలేరు, పెట్టకూడదు కూడా.

ఇక నోట్‌బుక్. మీరు ఏం రాసుంటారో చూడకుండానే చెప్తా: ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం, ఇల్లు, దేవుడు. మర్నాడు మళ్ళీ అవే. అది అటెండెన్స్ రిజిస్టర్ అయిపోయింది, సంతకం పెట్టి పడుకుంటున్నారు అంతే. ఈ పద్ధతి మీద 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లా అనే ఇద్దరు సైకాలజిస్టులు పేరున్న స్టడీ ఒకటి చేశారు, అందులో ఒక గ్రూపు కాలేజీ పిల్లలు 10 వారాల పాటు వారానికి ఒక్కసారి మాత్రమే తమకి జరిగిన మంచి రాశారు, చిరాకులు రాసిన గ్రూపు కంటే వీళ్ళకి తమ జీవితం మీద కాస్త మంచి అభిప్రాయం కలిగింది. తర్వాత సోన్యా లుబోమిర్‌స్కీ అనే ఇంకో సైకాలజిస్ట్ చూస్తే వారానికి మూడుసార్లు రాసినవాళ్ళ కంటే ఒక్కసారి రాసినవాళ్ళకే ఎక్కువ పనిచేసిందట. అరిసెలు రోజూ వండితే పండగెక్కడిది చెప్పండి. కాబట్టి రోజూ మానేయండి, ఆదివారం రాత్రి చాలు, అదీ మూడే, ప్రతిదాని పక్కన అది ఎందుకు జరిగింది అని ఒక్క లైను. ఆ 'ఎందుకు' రాయాలంటే ఎవరో ఒక మనిషి గుర్తుకు రాక తప్పదు, అసలు విషయం అక్కడుంది.

నిజానికి మీరు రాసిన దాంట్లో నేను ఆగిపోయిన లైను డల్లాస్‌ది కాదు, ఆవిడకి వేరే పనేముంది అన్నది. ఒక్క వారం మీ అత్తయ్య ఊరెళ్తే మీరు ఏ టైముకి మెట్రో ఎక్కగలరో కాస్త ఊహించుకోండి. మీ తప్పని కాదు, రోజూ జరిగేది ఎవరి కంటికీ ఆనదు, నాకూ అంతే. మా అత్తగారు పొద్దున్నే పాలు కాచి పెట్టేవారు, అదొక పనని నేనెప్పుడూ అనుకోలేదు, ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళిన పది రోజుల్లో మూడుసార్లు పాలు పొంగబెట్టి స్టవ్ కడుక్కున్నా.

అయితే వెళ్ళి ఆవిడకి ధన్యవాదాలు అత్తయ్యా అని చెప్పకండి, నీకేమైనా జ్వరమా అని నుదురు ముట్టుకుని చూస్తారు. మన ఇళ్ళల్లో థాంక్స్ అలా చెప్పుకోం. "అత్తయ్యా, మీరు చేసిన దొండకాయ వేపుడు మెతుకు మిగల్చకుండా తిన్నాడు వీడు, బాక్స్ ఖాళీగా తెచ్చాడు" అనండి, ఆవిడకి అందుతుంది. లేదా ఆవిడ వినేలా పక్కింటావిడతో అనండి, అది ఇంకా బాగా అందుతుంది. మీ ఆయన చేసేవి కూడా ఒకటో రెండో దొరుకుతాయి, దొరికితే ఆయనకీ చెప్పండి, కాకపోతే చీటీ గొడవ మాట్లాడే రోజు మాత్రం వద్దు, పొగిడి పని చేయించుకుంటుంది అనుకుంటారు.

తోడికోడలి స్టేటస్ మ్యూట్ చేసేయండి, అందులో సిగ్గు పడాల్సిందేం లేదు. గృహప్రవేశం ఫొటో పెడతారు గానీ ఇంటి ఈఎంఐ మెసేజ్ ఎవరూ స్టేటస్‌లో పెట్టరు కదా.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. ఏదీ ఆనందంగా అనిపించట్లేదు అన్నారు. రెండు వారాలకి మించి అలాగే ఉండి, నిద్ర, తిండి కూడా తేడా వచ్చాయంటే ఈ నోట్‌బుక్ చిట్కా దానికి మందు కాదు, డాక్టర్‌ని కలవండి, లేదా మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఆదివారం రాయబోయే ముందు ఒక చిన్న పని. మీ అందరి బాక్సులూ కట్టే మీ అత్తయ్యకి ఏ కూర ఇష్టమో మీకు తెలుసా? తెలియకపోతే కనుక్కుని, శనివారం సాయంత్రం మీరే వండండి.